పాత హెచ్‌ఎంటీ కొనేముందు డయల్ చదవడం నేర్చుకోండి

పాత వాచీ చేతికి రాగానే ఎవరైనా ముందు చెవి దగ్గర పెట్టుకుంటారు. టిక్‌టిక్ వినబడిందా, ఇక బేరమే. హెచ్‌ఎంటీల విషయంలో ఈ వరస తలకిందులు. ఆగిపోయిన మెషిన్‌ని ఆడించవచ్చు, గీతలు పడ్డ అద్దం మార్చవచ్చు, తెగిన స్ప్రింగు కొత్తది వేయించవచ్చు. ఫ్యాక్టరీలో అచ్చయిన డయల్ మాత్రం ఒకసారి పోతే పోయినట్టే. ఇప్పుడు చేతులు మారుతున్న పాత హెచ్‌ఎంటీల్లో చాలావాటి లోపల మెషిన్ అసలుదే ఉంటుంది, ఆడుతుంది కూడా. మోసం జరిగేది మన కళ్లెదుట కనిపించే ఆ గుండ్రటి రేకు మీదే.

ఎందుకలా అనేది అర్థం కావాలంటే అసలు ఈ వాచీల తయారీ ఎలా సాగిందో కొంచెం తెలియాలి.

ఒకటే మెషిన్, వంద ముఖాలు

హెచ్‌ఎంటీ, అంటే హిందూస్థాన్ మెషిన్ టూల్స్, 1953లో బెంగళూరులో పుట్టిన ప్రభుత్వ సంస్థ. పేరులోనే ఉంది, దాని అసలు పని లేతులు, మిల్లింగ్ మెషిన్లు తయారుచేయడం. జపాన్ సిటిజన్ కంపెనీ సాంకేతిక సహకారంతో 1961లో చేతి గడియారాల్లోకి దిగింది. మొదటి వాచీలను నెహ్రూ విడుదల చేశారు. తర్వాత తుమకూరులో, శ్రీనగర్‌లో, ఇప్పటి ఉత్తరాఖండ్‌లోని రాణీబాగ్‌లో కూడా ఫ్యాక్టరీలు వచ్చాయి. జనతా, పైలట్, జవాన్, సోనా, కోహినూర్, కాంచన్, రజత్ అంటూ ఎన్నో మోడళ్లు. దేవనాగరి అంకెలున్న డయళ్లు వచ్చాయి. అంధుల కోసం బ్రెయిలీ వాచీ వచ్చింది. దాని అద్దం మూతలా పైకి లేస్తుంది, వేలితో చుక్కల్నీ ముళ్లనీ తడిమి టైము తెలుసుకోవచ్చు.

ఆ పేరుకు అప్పట్లో ఎంత పలుకుబడి ఉండేదో తెలియాలంటే కిరాణా కొట్టుకెళ్లినా చాలు. మనం తినే హెచ్‌ఎంటీ బియ్యానికి ఆ పేరు వాచీ నుంచే వచ్చింది. మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లా రైతు దాదాజీ ఖోబ్రగడే తన పొలంలో ఏరి, వేరుచేసి పెంచిన సన్నరకం వరికి ఆ రోజుల్లో జనం మణికట్టు మీదున్న పేరే స్థిరపడిపోయింది.

సేకరించేవాళ్లకు పనికొచ్చే అసలు సంగతి వేరే ఉంది. జనతా, పైలట్ లాంటి కీ ఇచ్చే మోడళ్లు చాలావాటిలో ఉండేది 0231 అనే ఒకే మెషిన్. సిటిజన్ డిజైన్ ఆధారంగా చేసిన 17 రాళ్ల మెషిన్ అది. పైలట్ గొప్ప, జనతా సాదా అనుకుంటాం గానీ వెనక మూత తీస్తే రెండూ ఒకటే. తేడా అంతా డయల్, ముళ్లు, కేసులో. అంటే హెచ్‌ఎంటీలు సేకరించడమంటే నిజానికి డయళ్లు సేకరించడమే. అందులోని ఆనందం అదే, ప్రమాదమూ అదే. అద్దం మసకబారిన ఓ పాత జనతాకి నల్ల డయల్ వేసి, తెల్ల ముళ్లు బిగిస్తే సాయంత్రానికల్లా అది పైలట్. మెషిన్ చూసి కనిపెట్టేవాడెవడు? మెషిన్ సరైనదే కదా!

ఇలా తుక్కులోంచి ఏరిన మెషిన్లకి రంగు డయళ్లు, కొత్త అద్దాలు, మళ్లీ పూత పోసిన కేసులు తగిలించి అమ్మే వ్యాపారం పెద్ద ఎత్తున సాగుతోంది. వీటికి దేశవిదేశాల సేకర్తలు పెట్టుకున్న ముద్దుపేరు ‘ముంబై స్పెషల్’. అన్నీ పనికిమాలినవని కాదు. రోజూ పెట్టుకుని తిరగడానికి రంగురంగుల వాచీ కావాలంటే, తెలిసే కొంటే, తప్పేమీ లేదు. దాన్ని 1970ల నాటి అసలు ముక్క అని అసలు ధరకు అంటగట్టడమే తప్పు.

డయల్ చదవడం

పది రెట్లు పెద్దది చేసి చూపే భూతద్దం ఒకటి కావాలి. రిపేరు చేసేవాళ్లు కంటికి పెట్టుకునేది చాలు. వాచీని పగటి వెలుగులో కొంచెం ఏటవాలుగా పట్టుకుని చూడాలి. ట్యూబ్‌లైట్ కింద సగం లోపాలు కనపడవు.

ముందు అక్షరాలు. ఫ్యాక్టరీ అచ్చులో సిరా డయల్ మీద కాస్త ఉబ్బెత్తుగా, అంచులు కోసినట్టుగా ఉంటుంది. మళ్లీ వేసిన డయల్ మీద అంచులు చెదిరి, అక్షరాలు కొన్నిచోట్ల లావుగా, కొన్నిచోట్ల సన్నంగా ఉంటాయి. హెచ్‌ఎంటీ ముద్రను, ‘పారా షాక్’, ‘17 జ్యూయల్స్’ అనే మాటలను ఒక్కో అక్షరమే చూడండి. అక్షరాల మధ్య ఎడం ఒకేలా ఉందా? మాట డయల్ నడిమధ్యన ఉందా, ఒక పక్కకు జరిగిందా? 6 అంకె కింద అంచు వెంట అతి సన్నటి అక్షరాలుంటే ముఖ్యంగా వాటిని చూడాలి. నకలు చేసేవాడి చెయ్యి తేలిపోయేది అక్కడే.

తర్వాత నిమిషాల గీతలు. 60 గీతలూ సమాన దూరంలో ఉండాలి. 12, 3, 6, 9 దగ్గర గంట గుర్తు మధ్యలోంచి నిమిషపు గీత సూటిగా రావాలి. అతికించిన లోహపు గుర్తులున్న డయల్ అయితే వాటి మొదట్లో చూడండి. కొత్త రంగు వేసినప్పుడు గుర్తులు ఊడదీసి మళ్లీ పెట్టడం కష్టం కాబట్టి వాటి చుట్టూ రంగు గుట్టగా పేరుకుంటుంది, లేదా గుర్తుల పక్కలకే అంటుకుంటుంది.

రంగు సంగతి. అసలు పైలట్ అంటే నల్ల డయల్, తెల్ల అంకెలు. నారింజ, చిలకపచ్చ, గులాబీ, మూడురంగుల జెండా పైలట్లు కనిపిస్తే ఫ్యాక్టరీ సరుకు కాదనే మొదట అనుకోవాలి. పాత తెల్ల డయల్ కూడా నలభై ఏళ్లకి పాలలా ఉండదు. మీగడ రంగుకి తిరుగుతుంది, అంచుల దగ్గర తేమ మరకలు పడతాయి. కేసు మీద ఇత్తడి బయటపడేంత అరుగుదల ఉండి, డయల్ మాత్రం నిన్న అచ్చేసినట్టు మెరిసిపోతుంటే ఆ రెంటికీ పొంతన లేదు. ఆ పొంతన లేకపోవడమే అన్నిటికన్నా నమ్మదగిన గుర్తు.

మాటకీ మెషిన్‌కీ పొంతన కూడా చూడాలి. డయల్ మీద 21 జ్యూయల్స్ ఆటోమేటిక్ అని ఉండి, చెయ్యి కదిలినప్పుడల్లా తిరిగి కీ ఎక్కించే బరువు లోపల లేకపోతే ఇంకేం చెప్పాలి? ఇలాంటివీ దొరుకుతాయి.

ముళ్ల పొడవు చాలామంది పట్టించుకోరు. నిమిషాల ముల్లు కొస నిమిషాల గీతల్ని తాకాలి. గంటల ముల్లు కొస అంకెల లోపలి అంచు వరకే రావాలి. నిమిషాల ముల్లు మధ్యలోనే ఆగిపోతే అది ఇంకే వాచీదో. ముళ్ల మీద, అంకెల మీద వెలుగు పూత వేరువేరు రంగుల్లో ఉంటే కూడా ఏదో ఒకటి మార్చినట్టే.

ఆఖరి పరీక్ష అమ్మేవాడు మూత తీయనిస్తేనే. డయల్ వెనక రెండు సన్నటి కాళ్లుంటాయి. అవి మెషిన్‌లోని రంధ్రాల్లోకి దిగుతాయి, పక్కనుంచి చిన్న స్క్రూలు వాటిని పట్టి ఉంచుతాయి. ఇంకో వాచీ డయల్ తెచ్చి పెట్టినప్పుడు కాళ్లు రంధ్రాలకి కుదరవు. అప్పుడు వాటిని కోసేసి జిగురుతోనో రెండు వైపులా అంటే టేపుతోనో అతికిస్తారు. వేడికి జిగురు మెత్తబడితే డయల్ రవ్వంత తిరుగుతుంది, 12 అంకె కీ వైపుకి జరుగుతుంది. మన ఎండాకాలంలో దీనికి ఎంతో కాలం పట్టదు.

కేసు గురించి ఒక్క మాట. వెనక ‘స్టెయిన్‌లెస్ స్టీల్ బ్యాక్’ అని ఉంటే ఆ మూత మాత్రమే స్టీలు. చుట్టూ ఉన్న కేసు సాధారణంగా పూత పోసిన ఇత్తడి. పట్టీ తగిలించే కొమ్ముల లోపలి వైపు, వెనక మూత అంచు చుట్టూ చెమట చేరి పూత లేచిపోతుంది, లోపలి ఇత్తడి చిలుము పడుతుంది. విశాఖ, మచిలీపట్నం లాంటి ఉప్పుగాలి ఊళ్లలో వాడిన వాచీలకి ఇది మరీ ఎక్కువ. గుంటలు పడ్డ కేసుని సాన పట్టి మళ్లీ పూత పోస్తే కొమ్ముల అంచులు సబ్బుబిళ్లలా గుండ్రమైపోతాయి, వెనక మూత మీద చెక్కిన అంకెలు సగం చెరిగిపోతాయి. మెరుపు చూసి మోసపోవద్దు. సన్నటి గీతలున్నా అంచులు నిలిచిన కేసే మేలు.

పదిహేడు రాళ్ల లెక్క

రాళ్లంటే నగల్లో పొదిగేవి కావు. ప్రయోగశాలలో చేసిన కెంపులు. వాటికి అమ్ముడు విలువంటూ ఏమీ లేదు. ఇరుసు చివర లోహం మీద లోహం రాపిడి పడకుండా రాయిలో తిరిగితే అరుగుదల తక్కువ, నూనె నిలుస్తుంది. కీ ఇచ్చే వాచీలో 17 ఎలా అయ్యాయంటే సాధారణ లెక్క ఇది (ఈ భాగాల పని కింది పేరాలో ఉంది). బ్యాలెన్స్ చక్రానికి పైనా కిందా కలిపి 4, దాని మీది చిన్న పిన్ను 1, పాలెట్ ఫోర్క్ కొసలకి 2, దాని ఇరుసుకి 2, ఎస్కేప్ చక్రానికి 2, మిగిలిన మూడు చక్రాలకి రెండేసి చొప్పున 6. కూడితే 17. అంతకంటే ఎక్కువ రాళ్లు ఉంటే ఎక్కువ మంచిదనుకోవడం పొరపాటు. ఆటోమేటిక్‌లో తిరిగే బరువు, దాని పళ్లచక్రాలు అదనంగా ఉంటాయి కాబట్టి వాటికీ రాళ్లు కావాలి.

మెషిన్ పని చెప్పడానికి సులువే. కీ తిప్పితే డబ్బాలాంటి బ్యారెల్‌లో పొడవాటి స్ప్రింగు చుట్టుకుంటుంది. అది విప్పుకోవాలని చూస్తూ చక్రాల వరసను తోస్తుంది. ఆ చక్రాలు ఒక్కసారిగా గిర్రున తిరిగిపోకుండా, వరసలో చివరిదైన ఎస్కేప్ చక్రాన్ని పాలెట్ ఫోర్క్ ఒక్కో పన్ను చొప్పున వదులుతుంది. ఎంతసేపటికి ఒక పన్ను వదలాలో నిర్ణయించేది బ్యాలెన్స్ చక్రం, దాని మధ్యన వెంట్రుకలాంటి హెయిర్ స్ప్రింగు. 0231లో ఇది గంటకు 18,000 సార్లు, అంటే సెకనుకి అయిదుసార్లు కొట్టుకుంటుంది. రోజుకి 4,32,000. ఇంత శ్రమలో రోజుకి 30 సెకన్లు తప్పిందంటే తప్పు శాతం 0.035 మాత్రమే. బ్యాటరీతో నడిచే క్వార్ట్జ్ వాచీలో స్ఫటికం సెకనుకి 32,768 సార్లు కంపిస్తుంది, నెలకి 15 సెకన్ల తేడా వస్తే అదే ఎక్కువ. ఆ పోటీలో కీ వాచీ గెలిచే మాటే లేదు. టాటాలు, తమిళనాడు ప్రభుత్వ సంస్థ టిడ్కో కలిసి 1984లో టైటాన్ స్థాపించి, హోసూరులో క్వార్ట్జ్ మీదే పందెం కాశాక హెచ్‌ఎంటీ కింద నేల కదిలింది. 2016 జనవరిలో హెచ్‌ఎంటీ వాచెస్ మూసివేతకు కేంద్రం ఆమోదం తెలిపింది. హైదరాబాద్ మౌలాలిలోని హెచ్‌ఎంటీ బేరింగ్స్‌దీ అదే నిర్ణయంలో అదే గతి. మాతృసంస్థ మాత్రం ఆ తర్వాత కూడా హెచ్‌ఎంటీ పేరుతో వాచీలు అమ్ముతూనే వచ్చింది. కాబట్టి పెట్టెతో సహా కొత్తగా కనిపించిన ప్రతిదీ నకిలీ అనుకోనక్కర్లేదు.

మన ఊరి వాచీ కావాలనుకునేవాళ్లకి ఇంకో దారి ఉంది. ఫ్రిజ్‌లకీ బస్సులకీ పేరుపడ్డ హైదరాబాద్ ఆల్విన్ సంస్థ జపాన్ సెయికో సహకారంతో చేతి గడియారాలు తయారుచేసింది. హెచ్‌ఎంటీతో పోలిస్తే వీటి వెంట పడేవాళ్లు తక్కువ. కనుక డయల్ మార్చి అమ్మే బెడదా తక్కువే. విడిభాగాలు దొరకడం మాత్రం కష్టం. ఆడని ఆల్విన్ కొనేముందు, విడగొట్టి వాడుకోవడానికి రెండోది దొరుకుతుందా అని ఆలోచించాలి.

చేతిలో పెట్టుకుని చూడాల్సినవి

డయల్ నచ్చాక మెషిన్ సంగతి. వాచీ పూర్తిగా ఆగి ఉన్నప్పుడు మొదలుపెట్టండి. అమ్మేవాడు ముందే కీ ఇచ్చి ఉంచితే ఆగేదాకా ఆగమనండి, లేకపోతే సగం విషయాలు తెలియవు.

నెమ్మదిగా కీ తిప్పండి. నాలుగైదు తిప్పులకే, ఊపకుండా, దానంతటదే నడవాలి. తట్టితేనే కదులుతోందంటే లోపల నూనె ఎండి జిగురైందని అర్థం. పాతిక ముప్పై తిప్పులకి గట్టిగా అడ్డం తగులుతుంది, అక్కడ ఆపేయాలి. అడ్డం తగలకుండా ఎంతకీ తిరుగుతూనే ఉంటే స్ప్రింగు తెగిపోయింది. వదలగానే కీ గిర్రున వెనక్కి తిరిగిపోతే స్ప్రింగుని పట్టి ఉంచే క్లిక్ పాడైంది. రెండూ బాగయ్యేవే, ధర తగ్గించమనడానికి పనికొచ్చేవే.

కీ లాగి ముళ్లు తిప్పండి. చేతికి సమానంగా బిగువు తెలియాలి. ముళ్లు జారుడుగా, గాలిలో తిరిగినట్టు తిరిగితే, నిమిషాల ముల్లుని పట్టి తిప్పే కెనన్ పినియన్ అనే చిన్న గొట్టం వదులైంది. ఇదో చిత్రమైన జబ్బు. సెకన్ల ముల్లు చక్కగా తిరుగుతుంటుంది, చెవికి చప్పుడూ బాగుంటుంది, కానీ గంట తర్వాత చూస్తే నిమిషాల ముల్లు పది నిమిషాలు వెనకబడి ఉంటుంది. చెవి దగ్గర పెట్టుకుని కొనేవాళ్లు చిక్కుకునేది ఇక్కడే.

ఫోన్ మైకు దగ్గర వాచీ పెడితే దాని కొట్టుకునే తీరు చూపే యాప్‌లు ఉన్నాయి. వాటి అంకెలు ఉజ్జాయింపే అయినా చూడదగ్గవి మూడు. రోజుకి ఎన్ని సెకన్లు ముందు వెనక అవుతోందో, ఆంప్లిట్యూడ్ (బ్యాలెన్స్ చక్రం ఊగే కోణం) ఎన్ని డిగ్రీలో, టిక్‌కీ టక్‌కీ మధ్య తేడా ఎంతో. ఇంత పాత మెషిన్‌కి పూర్తి కీ మీద 250 డిగ్రీలు దాటితే సంతోషించాలి. 200 కన్నా తగ్గితే సర్వీసింగ్ అవసరం. డయల్ పైకి, డయల్ కిందికి పెట్టి విడివిడిగా చూడండి. ఆ రెండు భంగిమల మధ్య పెద్ద తేడా ఉంటే బ్యాలెన్స్ ఇరుసు కొసల్లో ఒకటి దెబ్బతిని ఉంటుంది. పారా షాక్ అంటే కింద పడినప్పుడు ఆ కొసల్ని కాపాడే స్ప్రింగు ఏర్పాటు. అది కాపాడగలిగేదానికీ హద్దుంటుంది.

నిన్నటిదాకా బాగుండి ఇవాళ ఒక్కసారిగా రోజుకి నాలుగైదు నిమిషాలు ముందుకి పరుగెడితే రిపేరు షాపుకి పరుగెత్తకండి. అయస్కాంతం సోకి ఉంటుంది. ఫోన్ కవర్ మూత, స్పీకరు, హ్యాండ్‌బ్యాగ్ బటన్, ఏదైనా కావచ్చు. హెయిర్ స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి అంటుకుని దాని పొడవు తగ్గినట్టవుతుంది, అందుకే ఆ వేగం. దిక్సూచి దగ్గరికి తెస్తే దాని ముల్లు గట్టిగా ఊగుతుంది. అయస్కాంతాన్ని పోగొట్టే డీమాగ్నెటైజర్ మీద పెట్టి, మీట నొక్కి పట్టుకునే, వాచీని నెమ్మదిగా చేయి చాపినంత దూరం జరిపి, అప్పుడు మీట వదలాలి. దగ్గరుండగానే వదిలేస్తే మళ్లీ అయస్కాంతమే అవుతుంది.

ఇంటికి తెచ్చాక

కొన్న వెంటనే సర్వీసింగ్ చేయించడం మంచిది, ఆడుతున్నా సరే. ఎండిన నూనె మీద ఆడే మెషిన్‌లో ఇరుసులు అరిగిపోతుంటాయి, రాళ్లు కాదు. సర్వీసింగ్ అంటే మెషిన్ పూర్తిగా విప్పి, కడిగి, చోటుని బట్టి వేర్వేరు నూనెలు వేసి బిగించడం. మూత తీసి పెట్రోల్ చుక్కలు వేసి ఊపి ఇచ్చేదాన్ని సర్వీసింగ్ అనరు. అది పాత మడ్డిని అంతటా పరవడమే. వాచీ ఇచ్చేటప్పుడు ఒక మాట గట్టిగా చెప్పాలి. డయల్ ముట్టుకోవద్దని. మరక తుడుద్దామని తడి దూది ఆనించినా పాత డయల్ మీది అక్షరాలు దూదితో పాటే లేచివస్తాయి. కేసు పాలిష్ కూడా అడిగితేనే చేయమనండి. చాలామంది మంచి మనసుతో, ఉచితంగా, అడక్కుండానే చేసిపెట్టేస్తారు.

అద్దం ఆక్రిలిక్ అయితే గీతలు ఇంట్లోనే పోతాయి. మెత్తటి నూలుగుడ్డకి చిటికెడు టూత్‌పేస్ట్ రాసి, కేసుకి తగలకుండా నాలుగైదు నిమిషాలు గుండ్రంగా రుద్ది, తడి తగలనివ్వకుండా పొడిగుడ్డతో తుడిస్తే చాలు. పగులు మాత్రం పోదు. పగులున్న అద్దంలోంచి తేమ లోపలికి పోతుంది కాబట్టి వానాకాలం రాకముందే మార్పించాలి.

పాత హెచ్‌ఎంటీకి నీళ్లు తగలకూడదు. ‘వాటర్ రెసిస్టెంట్’ అని రాసి ఉన్నా అప్పటి రబ్బరు ఇప్పటిదాకా బతికి ఉండదు. అద్దం లోపలి వైపు మంచు పట్టినట్టు కనిపిస్తే కీ బయటికి లాగి, ఆ రోజే రిపేరు మనిషికి ఇవ్వాలి. ఎండలో పెడితే తేమ వేడెక్కి డయల్ మీదికే చేరుతుంది. బియ్యంలో పెట్టడం ఫోన్ల మీద పుట్టిన చిట్కా, వాచీకి పనికిరాదు, హెచ్‌ఎంటీ బియ్యమైనా సరే.

ఆటోమేటిక్‌లలో తేదీ, వారం ఉంటే రాత్రి తొమ్మిదికీ తెల్లవారుజాము మూడుకీ మధ్య వాటిని మార్చవద్దు. అప్పటికే తేదీ మార్చే పళ్లచక్రం పట్టులో ఉంటుంది, బలవంతం చేస్తే పన్ను విరుగుతుంది. ముందు ముళ్లని ఆరు గంటల దగ్గరికి తెచ్చి, అప్పుడు తేదీ సరిచేసుకోవాలి.

పది వాచీలు దాటాక అన్నిటికీ రోజూ కీ ఇవ్వడం అయ్యే పని కాదు, అవసరమూ లేదు. నెలకోసారి కీ ఇచ్చి ఒక రోజు ఆడనిస్తే చాలు. పట్టీలు తోలువైతే విడిగా పెట్టాలి. మన తేమకి తోలు బూజు పట్టి, ఆ తడి కేసు వెనక్కి చేరుతుంది. ఎక్కువ మోడళ్లకి పట్టీ వెడల్పు 18 మిల్లీమీటర్లు కాబట్టి రెండు మంచి పట్టీలుంటే వాచీలన్నిటికీ మార్చి మార్చి వాడుకోవచ్చు.

కీ వాచీకి వెనక మూత తీసినప్పుడు మెషిన్ మీద నుంచి కళ్లు మరల్చుకుని ఆ మూత లోపలి వైపు కూడా చూడండి. సర్వీసింగ్ చేసిన ప్రతిసారీ సూదిమొనతో తేదీనో, తమకి మాత్రమే తెలిసిన గుర్తునో గీయడం పాతకాలపు రిపేరు మనుషుల అలవాటు. ఒకదాని పక్కన ఒకటి, వేర్వేరు చేతిరాతల్లో, నాలుగైదు గీతలుంటే ఆ వాచీని ఎవరో ఇరవై ముప్పై ఏళ్లు శ్రద్ధగా వాడారన్నమాట. డయల్ మెరిసిపోతూ, మూత లోపల ఒక్క గీతా లేకుండా, అంచున మాత్రం తాజాగా పాలిష్ చక్రం ఆనవాళ్లుంటే ఆ వాచీని మర్యాదగా మూసి తిరిగి ఇచ్చేయండి.